ఐస్ హాకీలో తలకు దెబ్బ తగిలితే: బెంచ్ దగ్గర కంకషన్‌ని పసిగట్టడం ఎలా

నేను ఐస్ హాకీ జట్టుకి ఫిజియోని. మ్యాచ్ నడుస్తున్నంతసేపూ బెంచ్ వెనకే ఉంటాను గానీ, గోల్ ఎలా పడిందని అడిగితే చాలాసార్లు చెప్పలేను. నా కళ్లు పక్ (ఆటలో కర్రతో కొట్టే రబ్బరు బిళ్ల) వెంట పోవు. పాస్ ఇచ్చేసి, అది ఎవరికి చేరిందా అని తల తిప్పి చూస్తున్నవాడి మీద ఉంటాయి. నేను చూసిన గట్టి దెబ్బల్లో ఎక్కువ ఆ క్షణంలో తగిలినవే. పక్ తన దగ్గర లేదు కదా అని ఒళ్లు వదులు చేస్తాడు, పక్కనుంచి ఎదుటివాడి భుజం వచ్చి దవడకు తగులుతుంది.

ఇది డాక్టర్ల కోసం రాస్తున్నది కాదు. బెంచ్ దగ్గర నిలబడే ట్రైనర్లు, కోచ్‌లు, పిల్లల జట్టు వెంట వచ్చే తల్లిదండ్రులు చదవాలని రాస్తున్నాను. కంకషన్ అంటే తల విసురుగా కుదుపుకు గురై మెదడు పనితీరు దెబ్బతినడం. అది అయిందో లేదో తేల్చడం మన పని కాదు. అది డాక్టర్ చూసుకుంటారు. మన పని అనుమానించడం వరకే. అనుమానం వచ్చిందా, ఆ ఆటగాడికి ఆ రోజు ఆట అయిపోయినట్టే. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చూద్దాం, ఈ పీరియడ్ (మ్యాచ్‌లో మూడో వంతు) అయ్యాక మాట్లాడదాం, ఇలాంటి బేరాలు ఉండవు. ఈ ఒక్క మాట మీద నిలబడగలిగితే మిగతాదంతా నేర్చుకోవచ్చు.

స్పృహ తప్పితేనే కంకషన్ అనుకునేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. నిజానికి కంకషన్ అయినవాళ్లలో పదిమందిలో ఒకరికి కూడా స్పృహ పోదు. దెబ్బ తలకే తగలాలని కూడా లేదు. ఛాతీకి తగిలినా, బోర్డులకి (ఐస్ చుట్టూ ఉండే గోడకి) వీపు గుద్దుకున్నా, తల విసురుగా ఊగితే చాలు. బస్సు సడన్‌గా బ్రేక్ వేసినప్పుడు లోపల మనం ముందుకు తూలినట్టే, పుర్రె ఆగినా లోపల మెదడు ఆగదు. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది గానీ ఆ తూలడాన్ని ఆపలేదు. అందుకే "హెల్మెట్ ఉంది కదా" అన్న మాటకి నేను విలువ ఇవ్వను.

ఐస్ మీద ఏం చూడాలి

కొన్ని దూరం నుంచే తెలిసిపోతాయి. పడ్డవాడు కదలకుండా ఉండిపోవడం. పడేటప్పుడు చేతులు అడ్డం పెట్టుకోకుండా దుంగలా పడిపోవడం. పడగానే కాళ్లూ చేతులూ బిగుసుకోవడం. లేవడానికి ప్రయత్నించి మళ్లీ మోకాళ్ల మీద కూలబడడం. స్కేట్స్ మామూలుకన్నా ఎడంగా పెట్టి తూలుతూ రావడం. కళ్లు తెరిచే ఉంటాయి గానీ చూపు ఎక్కడా ఆనదు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇక పరీక్షలతో పనిలేదు, ఆటలోంచి తీసేయాలి.

మరికొన్ని దగ్గరగా చూస్తేనే దొరుకుతాయి. మా బెంచ్ మీద డిఫెన్స్ వాళ్లు ఒక చివర, ఫార్వర్డ్‌లు ఇంకో చివర కూర్చుంటారు. ఒక మ్యాచ్‌లో మా సెంటర్ (ఫార్వర్డ్‌లలో ఒకడు) బోర్డుల దగ్గర దెబ్బ తిని, మామూలుగానే లేచి, మామూలుగానే స్కేట్ చేసుకుంటూ వచ్చి డిఫెన్స్ వాళ్ల మధ్య కూర్చున్నాడు. వాళ్లు కూడా ఏమీ అనకుండా జరిగి చోటిచ్చారు. తలనొప్పి లేదన్నాడు. వాంతి లేదు, తూలడం లేదు. అయినా రోజూ కూర్చునే చోటు మర్చిపోయినవాడిని నేను మళ్లీ ఐస్ మీదికి ఎలా పంపను? ఎదుటి జట్టు బెంచ్ వైపు వెళ్లడం, తన షిఫ్ట్ (ఐస్ మీదికి వెళ్లి ఆడే వంతు) కాకపోయినా తలుపు దూకడం, గ్లవ్ తీయకుండానే హెల్మెట్ బకిల్ విప్పబోవడం, ఇవన్నీ ఆ కోవలోవే. పిల్లల జట్లలో అయితే కారణం లేకుండా ఏడుపు వస్తున్న పిల్లాడిని, ఎప్పుడూ నవ్వుతూ ఉండి ఇవాళ అందరి మీదా కసురుకుంటున్న అమ్మాయిని గమనించండి. అది పొగరు కాకపోవచ్చు.

గోలీని, అంటే గోల్‌కీపర్‌ని మర్చిపోతారు. మాస్క్‌కి పక్ తగిలితే జనం చప్పట్లు కొడతారు, ఆట సాగిపోతుంది. గోలీ బెంచ్‌కి రాడు కాబట్టి దగ్గరగా చూసేవాళ్లు ఉండరు. మాస్క్‌కి గట్టిగా తగిలిన ప్రతిసారీ ఆట ఆగగానే వెళ్లి మాట్లాడాలి.

పడి లేవకపోతే

రిఫరీ విజిల్ వేశాకే ఐస్ మీదికి వెళ్లండి, బూట్లకు ఐస్ గ్రిప్పులు తగిలించుకుని. మీరు జారి ఆటగాడి మీద పడితే సహాయం చేసినట్టు కాదు. తలకు దెబ్బ తగిలినవాడికి మెడకూ తగిలిందనే అనుకోవాలి, కాదని తేలేదాకా. తల వైపు మోకాళ్ల మీద కూర్చుని, హెల్మెట్‌ని రెండు చేతుల మధ్య కదలకుండా పట్టుకుని, అప్పుడు మాట్లాడించండి. తోటి ఆటగాళ్లు చంకల్లో చేతులేసి లేపడానికి వస్తారు. ప్రేమతోనే వస్తారు, కానీ రానివ్వకండి.

హెల్మెట్ తీయకండి. హాకీలో దీనికి ప్రత్యేకమైన కారణం ఉంది. భుజాలకు వేసుకున్న ప్యాడ్స్ వల్ల ఒళ్లు ఐస్ నుంచి కొంచెం ఎత్తులో ఉంటుంది. హెల్మెట్ ఒక్కటే తీస్తే తల వెనక్కి వాలి మెడ వంగుతుంది. శ్వాస సరిగ్గా ఆడకపోతే ముందు కేజ్ (హెల్మెట్‌కి ముఖం ముందుండే జాలీ) తప్పించండి, నోట్లో మౌత్‌గార్డ్ ఉంటే తీయండి. మిగతాది అంబులెన్స్ వాళ్లకి వదిలేయండి. ఆట ఆగితే ఆగనీ. రింక్ (ఐస్ మైదానం) సమయం అయిపోతోందని ఎవరైనా తొందరపెడితే పట్టించుకోకండి.

కింది వాటిలో ఏది కనిపించినా నేరుగా అంబులెన్స్:

- మెడ నొప్పి, లేదా మెడ ముట్టుకుంటే నొప్పి
- స్పృహ తప్పడం, లేదా నిమిషాలు గడిచేకొద్దీ మత్తు పెరగడం
- ఫిట్స్
- ఒకటి రెండుగా కనిపించడం, చూపు పోవడం
- ఒకటికి మించి చేతుల్లో గానీ, కాళ్లల్లో గానీ బలం తగ్గడం, తిమ్మిరి, మంట
- వాంతులు
- భరించలేని తలనొప్పి, లేదా అంతకంతకూ పెరుగుతున్న తలనొప్పి
- అస్థిమితం పెరగడం, కొట్టడానికి రావడం
- పుర్రె మీద సొట్ట లాంటిది కనిపించడం

పెన్ టార్చ్ వేసి కళ్లల్లోకి చూడడం సినిమాల్లో బాగుంటుంది. కంకషన్ అయినవాడి కనుపాపలు మామూలుగానే ఉంటాయి. దెబ్బ తర్వాత ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే అది కంకషన్ కన్నా పెద్ద ప్రమాదం, ఆసుపత్రికి పరుగెత్తాల్సిన పరిస్థితి. రెండూ సమానంగా ఉన్నాయి కాబట్టి ఫర్వాలేదనడం మాత్రం తప్పు. ఇక ఘాటు వాసన చూపించే అమ్మోనియా గొట్టాలు. హాకీ బెంచ్‌ల మీద ఇవి మామూలే, మ్యాచ్ ముందు హుషారు కోసం పీలుస్తారు. తలకు దెబ్బ తగిలినవాడి ముక్కు దగ్గర మాత్రం పెట్టకండి. ఉలిక్కిపడి తల విదిలిస్తాడు. మెడకు దెబ్బ ఉంటే అది ఇంకా ముదురుతుంది, మనకు కనిపించాల్సిన మత్తు కాసేపు కనిపించకుండా పోతుంది.

లేచి వచ్చినవాడితో మాట్లాడడం

అసలు కష్టం ఇక్కడే. లేవలేనివాడి విషయంలో ఎవరూ వాదించరు. లేచి వచ్చి "నేను బాగానే ఉన్నా" అనేవాడితోనే తంటా. "బాగున్నావా?" అని అడిగితే బాగున్నాననే అంటాడు, షిఫ్ట్ పోతుందన్న టెన్షన్ అలాంటిది. అందుకే నేను అవునూ కాదూ అనే వీల్లేకుండా అడుగుతాను. ఏం జరిగిందో మొదటినుంచి చెప్పు అంటాను. దెబ్బకు ముందు పాస్ ఎవరిచ్చారు, తర్వాత ఎవరు లేపారు, బెంచ్‌కి ఎటునుంచి వచ్చావు. మధ్యలో ఒక ముక్క ఎగిరిపోతే ఆ ఖాళీ వాడికే తెలుస్తుంది, ముఖంలో కనిపిస్తుంది.

దీనికి పద్ధతిగా వాడే ప్రశ్నలు ఐదున్నాయి, మాడాక్స్ ప్రశ్నలంటారు. హాకీకి తగ్గట్టు ఇలా అడగొచ్చు. మనం ఇప్పుడు ఏ రింక్‌లో ఉన్నాం? ఇది ఎన్నో పీరియడ్? ఈ మ్యాచ్‌లో చివరి గోల్ ఎవరు కొట్టారు? పోయిన మ్యాచ్ ఎవరితో ఆడాం? అందులో గెలిచామా? ఇవాళ ఏ వారం, నీ పేరేంటి లాంటివి అడిగితే దెబ్బ తిన్నవాడు కూడా గడగడా చెప్పేస్తాడు, వాటితో ఏమీ తేలదు. ఈమధ్యే జరిగినవి గుర్తున్నాయా అన్నదే పట్టుకోవాలి.

అడిగేటప్పుడు ఆటగాడిని స్కోర్‌బోర్డ్‌కి వీపు పెట్టి కూర్చోబెట్టండి. పీరియడ్, స్కోర్ అన్నీ అక్కడ వెలుగుతూనే ఉంటాయి. పక్కవాళ్లు సాయం చేద్దామని గొణుగుతారు, వాళ్లని జరగమనండి. ఒక్క జవాబు తప్పినా లెక్కే. ఐదూ సరిగ్గా చెప్పినా, పైన చెప్పిన లక్షణాల్లో ఏదో ఒకటి ఉంటే ఆ ఐదు జవాబులకు విలువ లేదు. అన్నీ సరిగ్గా చెప్పి "కానీ ఏదో తేడాగా ఉంది" అనే ఆటగాళ్లు ఉంటారు. ఆ "ఏదో తేడా" డాక్టర్లు వాడే లక్షణాల పట్టికలో ఒక లక్షణం, దానికి మార్కులు కూడా ఉన్నాయి.

తీసేయాలని నిర్ణయించుకున్నాక, మెడకు ఏమీ లేదని తేలాక, నేను చేసే మొదటి పని హెల్మెట్ తీసుకోవడం. ఆటగాడి చేతికి అందకుండా సామాన్లు చూసుకునే అతనికి ఇచ్చేస్తాను. మనం కోచ్‌తో మాట్లాడే అర నిమిషంలో ఆటగాడు తలుపు దూకి ఐస్ మీదికి వెళ్లిపోగలడు. హెల్మెట్ లేకపోతే వెళ్లలేడు. వాదన పెట్టుకునే అవసరం కూడా ఉండదు.

కోచ్‌తో ఒప్పందం మాత్రం సీజన్ మొదలు కాకముందే జరిగిపోవాలి. తలకు దెబ్బ విషయంలో చివరి మాట ఎవరిది? స్కోర్ సమానంగా ఉండి మూడో పీరియడ్ నడుస్తుండగా ఈ చర్చ పెడితే ఎవరూ తెలివిగా ఆలోచించరు. ఉత్తర అమెరికాలోని ఎన్‌హెచ్‌ఎల్ లాంటి పెద్ద లీగ్‌లోనే 2016–17 సీజన్ నుంచి న్యూయార్క్‌లో కూర్చుని మ్యాచ్‌లన్నీ తెర మీద చూసే మనుషుల్ని పెట్టారు. లక్షణాలు కనిపిస్తే ఆటగాడిని తీయమని వాళ్లే చెబుతారు, జట్టు వినాల్సిందే. బెంచ్ మీద ఉన్నవాళ్లకి గెలుపు కళ్లకు అడ్డం పడుతుందని అంత డబ్బున్న లీగ్ ఒప్పుకుందంటే, మనం ఒప్పుకోవడానికి నామోషీ దేనికి?

నిశ్శబ్దంగా ఉన్న గదిలో

ఇక్కడినుంచి పని వైద్యం చదివినవాళ్లది. వాళ్లు వాడేది స్కాట్ 6 అనే కంకషన్ పరీక్ష. 2022లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆటల్లో కంకషన్ మీద జరిగిన సమావేశం తర్వాత 2023లో వచ్చింది. 13 ఏళ్లు, ఆపైవాళ్లకి ఇది, 8 నుంచి 12 ఏళ్ల పిల్లలకి చైల్డ్ స్కాట్ 6. వైద్యంతో సంబంధం లేని కోచ్‌లకి, తల్లిదండ్రులకి సీఆర్‌టీ 6 అనే చిన్న కాగితం ఉంది. దాన్ని ప్రింట్ తీసి ఫస్ట్ ఎయిడ్ బ్యాగ్‌లో పెట్టుకోండి.

స్కాట్ 6 సరిగ్గా చేస్తే పది పదిహేను నిమిషాలకి తగ్గదు. విరామంలో హడావిడిగా ముగించేది కాదు. షిఫ్ట్ నుంచి వచ్చిన ఆటగాడి గుండె దడదడలాడుతుంటుంది, ముందు అది నెమ్మదించాలి. తర్వాత 22 లక్షణాలు, ఒక్కోదానికి 0 నుంచి 6 వరకు, ఆటగాడు తనే మార్కులు వేసుకుంటాడు. ఎక్కువలో ఎక్కువ 132. పది మాటలు చదివి వినిపించి మూడుసార్లు తిరిగి చెప్పించుకోవడం, అంకెలు వెనక నుంచి చెప్పించడం, డిసెంబర్ నుంచి వెనక్కి జనవరి దాకా నెలలు చెప్పించడం, కనీసం ఐదు నిమిషాలు ఆగి ఆ పది మాటలు మళ్లీ అడగడం. ఇదంతా ఆటగాడికి బాగా వచ్చిన భాషలోనే జరగాలి. లేకపోతే మీరు పరీక్షిస్తున్నది మెదడుని కాదు, భాషని.

నిలకడ పరీక్ష హాకీవాళ్లతో కొంచెం పేచీ. స్కేట్స్ విప్పాలి, చీలమండకి టేప్ ఉంటే తీయాలి. చల్లటి స్కేట్‌లో బిగిసిన పాదానికి ఒకట్రెండు నిమిషాలు తిమ్మిరిగా ఉంటుంది, అది వదిలేదాకా ఆగండి. చేతులు నడుము మీద, కళ్లు మూసుకుని, రెండు కాళ్ల మీద 20 సెకన్లు, బలం తక్కువున్న కాలి మీద 20, ఒక పాదం వెనక ఇంకో పాదం ఆనించి 20. కళ్లు తెరిచినా, చేయి నడుము మీద నుంచి లేచినా, అడుగు తప్పినా ఒక్కో తప్పు. తర్వాత 3 మీటర్ల గీత మీద మడమకు వేళ్లు ఆనించి నడక. ఆ గీతకి కావలసింది 38 మిల్లీమీటర్ల వెడల్పు టేప్. అలాంటి టేప్ హాకీ లాకర్ రూమ్‌లో లేకపోతేనే వింత. నేను మ్యాచ్ ముందే వెళ్లి బయట నడవాలో అతికించి వస్తాను. అవసరం పడినప్పుడు టేప్ కోసం వెతుక్కుంటూ ఆటగాడిని ఒంటరిగా వదలడం నాకు ఇష్టం ఉండదు.

సీజన్ ముందు ఇదే పరీక్ష చేసి పెట్టుకుంటే పోల్చుకోవడానికి పనికొస్తుంది, కానీ తప్పనిసరి కాదు. కొందరు తెలివిగా ఆ మొదటిసారే కావాలని తప్పులు చెబుతారు, రేపు దెబ్బ తగిలితే మార్కులు తగ్గినట్టు కనిపించకూడదని. మరీ చెత్తగా చేసినవాడితో ఇంకోసారి చేయించండి.

స్కాట్ మార్కులు బాగా వచ్చాయని ఆటగాడిని తిరిగి పంపడం నేను చూసిన అలవాట్లలో అన్నిటికన్నా చెడ్డది. ఆ పరీక్ష అనుమానాన్ని గట్టి చేయగలదు, కొట్టేయలేదు. లక్షణాలు కొన్ని గంటల తర్వాత, మర్నాడు కూడా బయటపడొచ్చు. ఈ పరీక్ష బాగా పనికొచ్చేది మొదటి 72 గంటల్లో. వారం దాటితే దీన్ని పక్కన పెట్టి, క్లినిక్‌లో చేసే స్కోట్ 6కి వెళ్లాలి.

సిడ్నీ క్రాస్బీ సంగతి హాకీ చూసేవాళ్లందరికీ తెలిసిందే. 2011 జనవరి 1న తలకు దెబ్బ తగిలింది. జనవరి 5న మళ్లీ ఆడాడు, మళ్లీ దెబ్బ. తిరిగి మ్యాచ్ ఆడింది నవంబర్ 21న. వచ్చిన రోజే రెండు గోల్స్ కొట్టాడు గానీ డిసెంబర్‌లో లక్షణాలు తిరగబెట్టి మళ్లీ కూర్చోవలసి వచ్చింది. ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాడికి, చుట్టూ అంతమంది డాక్టర్లు ఉండగా జరిగింది ఇది. పిల్లల విషయంలో భయం ఇంకా పెద్దది. మొదటి దెబ్బ మానకుండా రెండోది తగిలితే మెదడు వాచిపోయి ప్రాణం పోవచ్చు, అరుదే అయినా. 2013లో కెనడాలో రోవన్ స్ట్రింగర్ అనే 17 ఏళ్ల రగ్బీ క్రీడాకారిణి అలాగే చనిపోయింది. ఆమె పేరుతోనే 2018లో ఒంటారియోలో చట్టం వచ్చింది. అది హాకీకీ వర్తిస్తుంది.

ఇంటికి పంపేటప్పుడు

మొదటి మూడు గంటలైనా ఒంటరిగా వదలకూడదు. తను బండి నడపకూడదు, మందు తాగకూడదు, డాక్టర్ చెప్పకుండా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకోకూడదు. ఇంట్లోవాళ్లకి నేను నోటితో చెప్పి ఊరుకోను. దెబ్బ ఎన్ని గంటలకి తగిలింది, ఎలా తగిలింది, అప్పుడు ఏమేం కనిపించాయి, పైన రాసిన ప్రమాద లక్షణాలేంటి, అన్నీ కాగితం మీద రాసి ఇస్తాను. రాత్రి డ్యూటీ డాక్టర్‌కి ఆ కాగితం మన జ్ఞాపకం కన్నా ఎక్కువ పనికొస్తుంది. సీటీ స్కాన్ మామూలుగా ఉందని ఫోన్ చేసి సంతోషంగా చెబుతారు. లోపల రక్తస్రావం లేదని దాని అర్థం, అది మంచి వార్తే. కంకషన్ లేదని మాత్రం కాదు. కంకషన్ ఆ స్కాన్‌లో కనిపించదు.

మళ్లీ స్కేట్స్ కట్టుకోవడం

చీకటి గదిలో పడుకోబెట్టే రోజులు పోయాయి. మొదటి ఒకటి రెండు రోజులు తేలికగా ఉండాలి, ఫోనూ టీవీ తగ్గించాలి, ఇంట్లో నడవొచ్చు. తర్వాత నడక, సైకిల్, నెమ్మదిగా గుండె వేగం పెంచుకుంటూ పోవాలి. వ్యాయామం చేస్తుంటే లక్షణాలు కొంచెం పెరిగితే భయపడనక్కర్లేదు. పది పాయింట్ల కొలతలో ఆ పెరుగుదల రెండు దాటకుండా, గంటలోపు తగ్గిపోతే సరే. అంతకన్నా పెరిగితే ఆ రోజుకి ఆపి మర్నాడు మళ్లీ మొదలుపెట్టాలి. ఆ తర్వాత ఒంటరిగా స్కేటింగ్, ఎవరూ గుద్దుకునే వీల్లేకుండా. ఆపైన పాస్‌లతో ప్రాక్టీస్, ఆపైన బాడీ చెక్‌లతో (ఒంటితో గుద్ది ఎదుటివాడిని ఆపడం) పూర్తి ప్రాక్టీస్, చివరికి మ్యాచ్. ఒక్కో మెట్టుకి కనీసం ఒక రోజు. పాస్‌ల ప్రాక్టీస్‌కి వెళ్లేముందే లక్షణాలన్నీ పోయి ఉండాలి, బాడీ చెక్‌లున్న ప్రాక్టీస్‌కి ముందు డాక్టర్ చీటీ చేతిలో ఉండాలి. బడి పిల్లలైతే ముందు బడికి పూర్తిగా వెళ్లగలగాలి, ఆట తర్వాత. చాలామంది నెలలోపు కోలుకుంటారు. నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే కంకషన్ చూసే నిపుణుల దగ్గరికి పంపాలి.

మౌత్‌గార్డ్ గురించి ఒక మాట. ఆమ్‌స్టర్‌డామ్ సమావేశం చూసిన పరిశోధనల ప్రకారం ఐస్ హాకీలో మౌత్‌గార్డ్ పెట్టుకున్నవాళ్లలో కంకషన్లు 28 శాతం తక్కువ. పిల్లల హాకీలో బాడీ చెకింగ్ తీసేస్తే 58 శాతం తగ్గాయి. అమెరికా 2011లో, కెనడా 2013లో 11–12 ఏళ్ల పిల్లలకి దాన్ని తీసేశాయి. అలాగని చెకింగ్ లేని ఆటలో కంకషన్లు ఉండవనుకోకండి. చాలావరకు చెకింగ్ లేకుండానే ఆడుతూ వచ్చిన మహిళల హాకీలోనూ కంకషన్లు ఉన్నాయి.

బాడీ చెక్‌లు మొదలైన మొదటి ప్రాక్టీస్‌లో నేను ఒక్కటే చూస్తాను: పక్ మూలకి పోయినప్పుడు ఆటగాడు ఎలా వెళ్తున్నాడని. తల ఎత్తి, భుజం బోర్డులకి ఆనించి దూరిపోతే సరే. చివరి క్షణంలో వేగం తగ్గించి ఎదుటివాడికి వీపు చూపిస్తే మాత్రం, దెబ్బంటే భయం ఇంకా పోలేదని అర్థం. అలా వీపు తిప్పినవాడే బోర్డులకి తల గుద్దుకుంటాడు. అలాంటప్పుడు ఆ వారం మ్యాచ్‌కి అతని పేరు వద్దని కోచ్‌కి చెబుతాను, జేబులో డాక్టర్ చీటీ ఉన్నా సరే, ఇంకో రెండు ప్రాక్టీస్‌లు చూశాకే.